కట్టుడు పళ్ళకు పాత్రశుద్ధి

మా కలికిరికి ఉత్తరాన, రాయచోటిలో వీరభద్రస్వామి కొలువై ఉన్నాడు. ఆ స్వామిని సేవించే భక్తులకు దక్షయజ్ఞ కథ కొత్తది కాదు. శివనింద జరుగుతున్న సభలో పళ్ళు బయటపెట్టి నవ్విన పూషుడనే దేవత దంతాలను వీరభద్రుడు రాలగొట్టినట్లు భాగవతం చతుర్థ స్కంధంలో ఉన్నది. తరువాత పరమేశ్వరుడు ప్రసన్నుడై, పూషుడు ఇకమీదట యజమానుని దంతాలతో భుజిస్తాడని, పిండి చేసిన హవిస్సే అతని భాగమని అనుగ్రహించాడు. శతపథ బ్రాహ్మణంలో కారణం వేరుగా చెప్పబడినా, పూషునికి దంతాలు లేవనీ, అందువల్ల అతనికిచ్చే చరువును పిండితో వండాలనీ అక్కడ కూడా ఉన్నది.

దేవతకైనా పళ్ళు పోతే రెండే మార్గాలని ఈ కథ వల్ల తెలుస్తున్నది. ఆహారాన్ని మెత్తగా చేసుకోవాలి. లేదా పళ్ళు ఎరువు తెచ్చుకోవాలి. మన కాలంలో దంత వైద్యుడు చేసి ఇచ్చే పళ్ళ సెట్టు అటువంటి ఎరువు సొమ్మే. ఎరువుల సొమ్ము బరువుల చేటని మన పెద్దల సామెత. తీయడం, పెట్టడం కూడా తిప్పలేనని ఆ సామెత రెండో సగం చెబుతుంది. ఆ తిప్పలకు విసిగి, రాత్రింబవళ్ళు నోట్లోనే ఉంచుకుంటే వచ్చే కీడు ఇంకా పెద్దది. ఆ కీడు ఏమిటో, దాన్ని తప్పించుకునే విధం ఏమిటో యాత్రకు వచ్చే పెద్దలకు, వారిని వెంటబెట్టుకొని వచ్చే పిల్లలకు చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేను వైద్యుడిని కాను. సంస్కృత పాఠశాలలో చదువుకొని, అదే చదువును పిల్లలకు చెప్పి విరమించిన వాడిని. వయస్సు డెబ్బై దాటింది. తొమ్మిదేళ్ళుగా పైనా కిందా కట్టుడు పళ్ళే. నాకు చికిత్స చేసిన వైద్యులు చెప్పినవి, నేను చదివి తెలుసుకున్నవి, తోటి వృద్ధులలో చూసినవి ఇక్కడ క్రమంగా వ్రాస్తున్నాను.

అవయవమా, పాత్రా?

ధర్మశాస్త్రం తెలిసిన కొందరు పెద్దలు నన్నొక ప్రశ్న అడుగుతూ ఉంటారు. భోజనం చేశాక పళ్ళలో ఇరుక్కున్న అన్నపు కణం, నాలుకకు తగిలి కదలనంత వరకు పంటితో సమానమేనని గౌతమ ధర్మసూత్రంలో ఉన్నది గదా, అలాగే కట్టుడు పళ్ళు కూడా పంటితో సమానమే కావా, వాటిని తీయవలసిన పని ఏమిటి, అని.

నా సమాధానం ఇది. అక్కడ చెప్పిన సడలింపు తీయడానికి వీలుకాని కణానికి. మన శక్తికి మించిన దానిని శాస్త్రం క్షమిస్తుంది. చేతితో తీయగలిగిన దానికి ఆ మినహాయింపు అన్వయించదు. పళ్ళ సెట్టు శరీరంతో పుట్టినది కాదు, శరీరంతో పెరిగేది కాదు, దానిలో రక్తం ప్రవహించదు. ఇంకొకరు తయారుచేసి ఇచ్చిన వస్తువు. కనుక అది అవయవం కాదు, పాత్ర. ప్రతి పూటా అన్నం తినే పాత్ర. అన్నం తిన్న పాత్రను కడగకుండా మరల అందులోనే వడ్డించుకునే గృహస్థు ఉండడు. రాత్రంతా ఎంగిలి పాత్రను ఒడిలో పెట్టుకొని నిద్రించేవాడూ ఉండడు. ఈ ఒక్క మాట మనస్సులో నిలిస్తే, ఇక చెప్పబోయే నియమాలన్నీ వాటంతట అవే తోస్తాయి.

ఈ పాత్ర దేనితో చేస్తారు?

పోయిన పళ్ళకు బదులు పళ్ళు అమర్చుకోవాలనే కోరిక పాతది. జపాన్ దేశంలోని వాకయామ ప్రాంతంలో, 1538లో మరణించిన ఒక బౌద్ధ సన్యాసిని వాడిన కొయ్య పళ్ళ సెట్టు నేటికీ ఉన్నది. 19వ శతాబ్ది మధ్యలో రబ్బరును గంధకంతో కాచి గట్టిపరచే విద్య తెలిశాక, పళ్ళ సెట్లు రబ్బరుతో చేశారు. 1930ల చివరి నుంచి ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్ వచ్చింది. నేడు మనలో ఎక్కువమంది నోళ్ళలో ఉన్నది అదే.

ఆక్రిలిక్ కంటికి గాజులా నునుపుగా కనిపిస్తుంది. కాని సూక్ష్మదర్శినితో చూస్తే దాని నిండా సన్నని రంధ్రాలు, గీతలు ఉంటాయి. అన్నపు మెతుకుల జిగురు, లాలాజలం, సూక్ష్మజీవులు కలిసి వాటి మీద పొరలా పేరుకుంటాయి. వంటపాత్రకు అడుగున పట్టే జిడ్డు వంటిదే అది. నీటితో పుక్కిలిస్తే పోదు, తోమితేనే పోతుంది.

సుశ్రుత సంహిత నిదానస్థానం 16వ అధ్యాయంలో ముఖరోగాలు 65 అని లెక్క చెప్పబడినది. పెదవులు, పంటి మూలాలు, పళ్ళు, నాలుక, అంగిలి, కంఠం, మొత్తం నోరు అని ఏడు స్థానాలుగా వాటిని విభజించారు. పళ్ళన్నీ పోయినంత మాత్రాన దంతరోగాల లెక్క తీసివేయవచ్చునే గాని, తక్కిన ఆరు స్థానాలు మిగిలే ఉంటాయి. పళ్ళు లేవు గనుక నోటికి జబ్బులు లేవు అనుకోవడం భ్రాంతి.

నొప్పి లేని ఎరుపు

కట్టుడు పళ్ళు పెట్టుకున్నవారికి వచ్చే ఇబ్బందులలో అన్నిటికంటే సాధారణమైనది అంగిలి ఎర్రబడడం. పై సెట్టు అంగిలిని పూర్తిగా కప్పివేస్తుంది. నోటిని సహజంగా కడిగే లాలాజలం దాని కిందికి చేరదు, గాలి ఆడదు. అందరి నోళ్ళలోనూ కాస్తో కూస్తో ఉండే కాండిడా అనే శిలీంధ్రం ఆ వెచ్చని, చెమ్మ తావులో విపరీతంగా పెరుగుతుంది. సెట్టు ఎంత మేర కప్పిందో అంత మేరా చర్మం కందినట్లు ఎర్రగా అవుతుంది. వివిధ దేశాలలో చేసిన పరిశీలనలలో, పళ్ళ సెట్లు వాడేవారిలో 15 నుంచి 70 శాతం వరకు ఈ స్థితి కనిపించింది. లెక్కలు ఇంత వేరుగా ఉండడానికి శుభ్రత, వయస్సు, ఆరోగ్యం వేరు కావడమే కారణం. రాత్రి కూడా సెట్టు తీయనివారిలో ఇది ఎక్కువ.

దీనిలో మోసం ఏమంటే, ఎక్కువమందికి నొప్పి ఉండదు. మా బంధువులలో ఒక అవ్వ ఉన్నది. కోడలి ముందు బోసినోటితో కనిపించడం నామోషీ అని, రెండేళ్ళు సెట్టు తీయలేదు. ఏ బాధా లేదనేది. కళ్ళ శస్త్రచికిత్సకు వెళ్ళినప్పుడు, ఆస్పత్రిలో సెట్టు తీయమన్నారు. తీసి చూస్తే అంగిలి మందార పువ్వు రంగులో ఉన్నది. ఆమెకు ఆశ్చర్యం, కోడలికి దుఃఖం. మాకు చెబితే మేము ఏమనుకుంటామమ్మా, అని ఆ పిల్ల కన్నీరు పెట్టుకున్నది. నెల రోజుల చికిత్సతో అంగిలి బాగుపడింది. ఆ ఇంట్లో ఇప్పుడు అవ్వ పళ్ళ డబ్బాకు ఒక స్థానం ఉన్నది, దాన్ని ఎవరూ వింతగా చూడరు.

ఇటువంటి ఎరుపుకు వైద్యులు శిలీంధ్రాన్ని చంపే లేపనమో, మాత్రలో ఇస్తారు. మందు నోటికి మాత్రమే వేసి, సెట్టును శుభ్రపరచకపోతే, జబ్బు మరల వస్తుంది. నివాసం సెట్టులోనే ఉన్నది గదా. మరొక హెచ్చరిక. గుండె జబ్బుకు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆ సంగతి దంత వైద్యునికి ముందే చెప్పాలి. నోటికి రాసే మైకొనజోల్ అనే మందు దానితో కలిస్తే రక్తస్రావం కలిగే ప్రమాదం ఉన్నది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొని పూసుకోవడం ఈ కారణం వల్లనే తగదు.

మధుమేహం అదుపులో లేనివారికి, ఉబ్బసానికి పీల్చే మందు వాడేవారికి ఈ శిలీంధ్రం సులభంగా పట్టుకుంటుంది. పీల్చే మందు వాడిన ప్రతిసారీ సెట్టు తీసి, నోరు పుక్కిలించాలి.

నోటి మూలలు, పుండ్లు, పెరిగిన కండ

కొందరు వృద్ధులకు పెదవులు కలిసే మూలలు చీలి, తెల్లగా నాని, మంట పుడుతుంటాయి. ఎండాకాలం వేడి అనుకొని వెన్న పూస్తారు. సెట్టులోని పళ్ళు ఏళ్ళ తరబడి అరిగిపోతే, నోరు మూసినప్పుడు గడ్డం ముక్కుకు దగ్గరగా వస్తుంది. పెదవి మూల ముడత పడి, అక్కడ లాలాజలం నిలుస్తుంది. నిలిచిన తేమలో అదే శిలీంధ్రం చేరుతుంది. రక్తహీనత, బి విటమినుల లోపం ఉన్నా ఈ చీలికలు వస్తాయి. వెన్న వల్ల ఉపశమనమే గాని, కారణం పోదు.

కొత్త సెట్టు పెట్టుకున్న మొదటి వారాలలో చిగుళ్ళ మీద చిన్న పుండ్లు పడడం సహజం. కొత్త చెప్పు కరచినట్లే అది. వైద్యుని వద్దకు వెళితే, ఒత్తుకుంటున్న చోటును గుర్తించి, రవ్వంత అరగదీస్తాడు. రెండు మూడు రోజుల్లో మానుతుంది. ఆకురాయితోనో బ్లేడుతోనో ఇంట్లో గీకుకోవడం చేయరాదు. ఒక చోట తగ్గించబోతే సెట్టు మొత్తం కూర్చోవడం తప్పుతుంది. విరిగిన సెట్టును దుకాణంలో దొరికే జిగురుతో అంటించుకోవడం అంతకంటే ప్రమాదం. ఆ జిగురు నోట్లో పెట్టుకోదగినది కాదు.

వదులైన సెట్టు నిత్యం ఒకే చోట రాసుకుంటే, చిగురుకూ చెంపకూ నడుమ కండ మడతలుగా పెరుగుతుంది. ఇది చాలావరకు హాని లేనిదే. కాని సెట్టు సరిచేయించకపోతే పెరుగుతూనే ఉంటుంది, చివరకు కోసి తీయవలసి వస్తుంది.

సెట్టు వదులు కావడానికి కారణం సెట్టు కాదు, దవడ. పళ్ళు పోయిన తరువాత, వాటిని పట్టి ఉంచిన ఎముకకు పని లేదు. పని లేని ఎముకను శరీరం కరిగించుకుంటుంది. 1972లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, కొందరి దవడలను 25 సంవత్సరాల పాటు గమనించి, కింది దవడ ఎముక పై దవడ కంటే సుమారు నాలుగు రెట్లు అధికంగా తరుగుతుందని చెప్పారు. అందుకే చాలామందికి పై సెట్టు నిలుస్తుంది, కిందిది ఆడుతుంది. పదిహేనేళ్ళ కింద చేయించిన సెట్టు ఇంకా బాగున్నదని గర్వించే పెద్దలు ఉన్నారు. సెట్టు బాగానే ఉండవచ్చు, దాని కింది నేల మారింది. ఏడాదికొకసారి చూపించుకోవాలి. సాధారణంగా అయిదు నుంచి ఏడేళ్ళకు లోపలి వైపు మరల పూత వేయించుకోవలసి గాని, కొత్తది చేయించుకోవలసి గాని వస్తుంది.

కొన్ని పళ్ళే కట్టించుకున్నవారు మిగిలిన సొంత పళ్ళ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. కొక్కెం పట్టే పళ్ళ చుట్టూ ఆహారం నిలిచి, అవి పుచ్చుతాయి, చిగుళ్ళు చెడుతాయి.

మానని పుండు

ఈ వ్యాసంలో మరచిపోకూడని మాట ఒక్కటే ఉండాలంటే, అది ఇది. సెట్టు తీసివేసి, ఒత్తిడి లేకుండా చేసిన తరువాత కూడా రెండు వారాలలో మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, గట్టిపడిన కండ, కారణం లేకుండా వచ్చే రక్తం, వీటిలో ఏది కనిపించినా వెంటనే వైద్యునికి చూపించాలి. అది కేవలం సెట్టు ఒరుసుకోవడం వల్లనే అని తీర్మానించుకోవడం తగదు. అన్ని మానని పుండ్లూ క్యాన్సర్ కావు. కాని నోటి క్యాన్సర్ మొదట ఇటువంటి చిన్న పుండుగానే, చాలాసార్లు నొప్పి లేకుండానే కనిపిస్తుంది. తొలి దశలో పట్టుకుంటే నయమయ్యే అవకాశం ఎక్కువ.

మా ప్రాంతంలో వక్కాకుతో పాటు పొగాకు కాడ నమిలే వృద్ధులు, ముఖ్యంగా వృద్ధ స్త్రీలు, చాలామంది ఉన్నారు. వారికి ఈ భయం మరింత. తాంబూలం దేవతార్పితమే గదా అంటారు. దేవునికి మనం సమర్పించే తాంబూలంలో పొగాకు లేదు. వక్క కూడా అలవాటుగా నిత్యం నమిలితే నోటి క్యాన్సర్‌కు కారణమని వైద్యశాస్త్రం నిర్ధారించింది. ప్రసాదంగా కళ్ళకద్దుకోవడం వేరు, బుగ్గన పెట్టుకొని నిద్రించడం వేరు.

రాత్రి ఎందుకు తీయాలి?

2015లో జపాన్ పరిశోధకులు ఒక పరిశీలన ప్రచురించారు. 85 ఏళ్ళు దాటిన 524 మంది వృద్ధులను మూడేళ్ళ పాటు గమనించారు. రాత్రి సెట్టు పెట్టుకొనే నిద్రించేవారికి ఊపిరితిత్తుల వాపు, అనగా న్యుమోనియా, వచ్చే ప్రమాదం తక్కిన వారికంటే రెండింతలకు మించి ఉన్నట్లు తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. నిద్రలో వృద్ధుల లాలాజలం కొద్ది కొద్దిగా ఊపిరి గొట్టంలోకి జారుతుంది. నోటిలో కడగని పాత్ర ఉంటే, దాని మీది సూక్ష్మజీవులు కూడా ఆ దారిన పోతాయి. ఒకటి రెండు పళ్ళే ఉన్న చిన్న సెట్లకు మరొక ప్రమాదం ఉన్నది. నిద్రలో ఊడి, గొంతులోకి జారవచ్చు.

పగలంతా ఒత్తిడి పడిన చిగుళ్ళకు రాత్రి ఆరేడు గంటల విశ్రాంతి కూడా అవసరమే. నిత్యపూజ చేసే ఇంట స్వామికి ఏకాంతసేవ చేసి తలుపు వేస్తాము. నోటికి కూడా అటువంటి ఏకాంతం ఒకటి ఉండాలి.

శుద్ధి చేసే విధం

ప్రతి భోజనం తరువాత సెట్టు తీసి, నీటి ధార కింద కడగాలి. నోరు పుక్కిలించాలి. ఆ తరువాతనే ఆచమనం. ఇది ఆచారానికీ ఆరోగ్యానికీ ఒకేసారి సరిపోతుంది.

రోజుకొకసారి, పడుకోబోయే ముందు, మెత్తని బ్రష్షుతో లోపలి వైపు, బయటి వైపు తోమాలి. చాలామంది బయటికి కనిపించే వైపే తోముతారు. అంగిలికి ఆనే లోపలి వైపే ముఖ్యం. గిన్నెలో నీరు పోసి గాని, మడత పెట్టిన తువ్వాలు పరచి గాని, దాని పైన పట్టుకొని తోమాలి. చేయి జారి రాతి మీద పడితే సెట్టు రెండు ముక్కలవుతుంది.

పళ్ళపొడి, బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు, గరుకు పేస్టు వాడరాదు. అవి సెట్టును గీరి, ఆ గీతలలోనే మురికి చేరేటట్లు చేస్తాయి. మామూలు సబ్బునీరు చాలు. ఆపైన బాగా కడగాలి. మరుగునీరు పోయరాదు, ఆక్రిలిక్ వంగిపోతుంది. బట్టలు తెల్లబరచే ద్రావణంలో నానబెట్టమని వైద్యుడు చెబితే, ఆయన చెప్పినంత పలుచగా, పది నిమిషాలకు మించకుండా నానబెట్టి, బాగా కడగాలి. లోహపు తీగలున్న సెట్లకు అది పనికిరాదు.

రాత్రి మూతగల డబ్బాలో, చల్లని మంచినీటిలో సెట్టును ఉంచాలి. పొడిగా వదిలేస్తే అది ఆకారం మారుతుంది. ఆ నీటిని రోజూ పారబోయాలి, డబ్బాను కూడా తోమాలి. డబ్బా ప్రత్యేకంగా ఉండాలి. పూజకు, వంటకు వాడే పాత్రలు తగవు. సెట్టు తాకిన తరువాత చేతులు కడుక్కొని మడికి కూర్చుంటే, ఏ ఆక్షేపణా ఉండదు.

ఇక నోరు. పళ్ళు ఉన్నవారికి పన్నెండు అంగుళాల పొడవు, చిటికెన వేలి లావు గల దంతకాష్ఠాన్ని సుశ్రుతుడు విధించాడు. పుల్ల వాడరాని తిథులలో పన్నెండు మారులు నీరు పుక్కిలించి శుద్ధి పొందాలని స్మృతులు చెప్పాయి. అంటే పుల్ల లేకపోయినా ముఖశుద్ధి మానరాదని అర్థం. పళ్ళు లేనివారికి కూడా అదే న్యాయం. మెత్తని తడిగుడ్డను వేలికి చుట్టి, చిగుళ్ళను, అంగిలిని, నాలుకను రోజూ తుడవాలి. నోటినిండా ద్రవాన్ని కదపకుండా పట్టి ఉంచడం గండూషమని, కదిలించి పుక్కిలించడం కవళమని ఆయుర్వేదం భేదం చెప్పింది. ఏది చేసినా సెట్టు తీసి చేయాలి. వేపపుల్ల సొంత పళ్ళకే గాని, సెట్టుతో నమిలితే సెట్టు ఊగి చిగురు ఒరుస్తుంది.

ఆహారం, ఉపవాసం, పారాయణం

పూర్తి సెట్లతో కొరికే బలం సొంత పళ్ళ బలంలో నాలుగో వంతు ఉండడమే కష్టం. దీనికి దిగులు పడనక్కరలేదు. మా సీమ పెద్దలు ముందే ఉపాయం ఏర్పరచారు. రాగి సంగటి ముద్దను నమలరు, పప్పులోనో పులుసులోనో అద్ది మింగుతారు. పూషునికి చెప్పిన పిండి వంట మన ఇంట నిత్యం ఉన్నది. ఉడికిన అనపగింజల పప్పు, మెత్తని ఆకుకూర, మజ్జిగ, వడపప్పు, చలిమిడి, ఇవన్నీ అనుకూలం. ముందు పళ్ళతో కొరకకుండా, చిన్న ముక్కలు చేసి, రెండు వైపులా సమంగా నమలాలి. వేయించిన వేరుశనగ పలుకులు, కొబ్బరి ముక్క, కలకండ, చెరకు వంటివి సెట్టును కదిలిస్తాయి. వేరుశనగ రవ్వ దాని కింద చేరితే ఇసుక రేణువులా గుచ్చుతుంది. మదనపల్లె మార్కెట్టు పుణ్యమా అని మా వంటలో టమాటాకు కొరత లేదు. కాని నోరు పుండుగా ఉన్న రోజులలో టమాటా, చింతపండు, పచ్చిమిరప తగ్గించుకుంటే మంట తగ్గుతుంది. నమలలేక మెత్తని అన్నం మీదనే బతికేవారు పప్పు, పాలు, పండు మానకుండా చూసుకోవాలి.

సెట్టు నిలవడానికి లాలాజలమే జిగురు. రక్తపోటుకు, నిద్రకు, జలుబుకు వాడే మందులలో చాలావరకు నోటిని ఎండబెడతాయి. ఏకాదశి నాడు నీరైనా ముట్టని పెద్దలకు ఇబ్బంది మరింత. ఎండిన నోట్లో సెట్టు చిగుళ్ళను ఒరుస్తుంది. భుజించని రోజున భోజన పాత్రతో పని లేదు గనుక, ఉపవాస దినాన సెట్టును వీలైనంతసేపు తీసి నీటిలో ఉంచడమే ఉత్తమం. నోరు పుక్కిలించి ఉమ్మివేస్తే ఉపవాసానికి భంగం లేదు. మధుమేహం ఉన్నవారు నిర్జల ఉపవాసానికి ముందు వైద్యుని మాట వినాలి.

పారాయణం చేసేవారికి ఇంకొక దిగులు, ఉచ్చారణ పోతుందని. వర్ణాలు పుట్టే ఎనిమిది స్థానాలలో దంతాలను ఒకటిగా పాణినీయ శిక్ష లెక్కించింది. త, థ, ద, ధ, న, ల, స అనేవి దంత్యాలు. వకారానికి పై పళ్ళు, కింది పెదవి రెండూ కావాలి. తెలుగులో చాప, జాము వంటి మాటలలోని చ, జలు కూడా దంత్యాలే. కొత్త సెట్టుతో ఈ అక్షరాలే తడబడతాయి. సకారం ఈలలా వినిపిస్తుంది. భయం వద్దు. రోజుకు పావుగంట నెమ్మదిగా, గట్టిగా చదవమని దంత వైద్యులే చెబుతారు. విష్ణు సహస్రనామం కంటే మంచి అభ్యాసం ఏముంటుంది? కొన్ని వారాలలో నాలుక కొత్త స్థానానికి అలవాటు పడుతుంది. అప్పటికీ సకారం కుదరకపోతే, ముందు పళ్ళ వెనుక మందం సరిచేయమని వైద్యుని అడగవచ్చు.

యాత్రకు బయలుదేరేవారికి

తిరుమల మెట్లెక్కేవారు, సత్రాలలో రాత్రులు గడిపేవారు సెట్టును రెండు మూడు రోజులు తీయకుండా తిరగడం నేను చూస్తూనే ఉన్నాను. తీసినవారు కాగితంలోనో చేతిరుమాలులోనో చుట్టి దిండు కింద పెడతారు. ఉదయం ఊడ్చేవారు దాన్ని చెత్తగా ఎత్తివేస్తారు. కనుక ఒక చిన్న మూత డబ్బా, దాని మీద పేరు, ఒక మెత్తని బ్రష్షు, ఒక తువ్వాలు, ఇవి ప్రయాణ సంచిలో ఉండాలి. సత్రంలోని గ్లాసులలో సెట్టును వేయరాదు. అవి పదిమంది తాగే పాత్రలు. సెట్టును ఆటుపోటుగా నిలిపే అంటుపొడి వాడవలసి వస్తే మితంగా వాడాలి. రోజూ డబ్బాలు డబ్బాలు కావలసి వస్తున్నదంటే, సెట్టు వదులైపోయిందని అర్థం.

వెంట వచ్చే పిల్లలకు ఒక మాట. రాత్రి మీ అవ్వకో తాతకో ఆ డబ్బా మీరే తెచ్చి ఇవ్వండి. అడగడానికి వారు సిగ్గుపడతారు.

దాతలకు

పేద వృద్ధులకు పళ్ళ సెట్లు ఇప్పించే దాతలు మన జిల్లాలలో ఉన్నారు. పొరుగున కర్ణాటకలో ప్రభుత్వమే దంతభాగ్య అనే పేరుతో ఇటువంటి పథకం నడిపింది. ఇది అన్నదానంతో సమానమైన దానం. అయితే సెట్టు ఇచ్చిన రోజుతో దానం ముగియదు. కొలత తీయడం, కాటు చూడడం, మైనంతో చేసి పెట్టి చూడడం, చివరకు అమర్చడం, ఇలా నాలుగైదు సార్లు రావలసి ఉంటుంది. అమర్చిన తరువాత ఒత్తుకున్న చోట సరిచేయడానికి ఇంకా రెండు మూడు సార్లు రావాలి. ఆ రాకపోకల ఖర్చు లేక, ఉచితంగా వచ్చిన సెట్టును గూట్లో పెట్టి, బోసినోటితోనే ఉన్న వృద్ధులను నేను చూశాను. కనుక దానం చేసేవారు సెట్టుతో పాటు బస్సు ఖర్చు, మూత డబ్బా, బ్రష్షు, ఏడాది తరువాత ఒక పరీక్ష కూడా సంకల్పంలో చేర్చండి. గోదానం చేసినవాడు గడ్డికి కూడా దారి చూపాలి గదా.

చికిత్సకు ఎక్కడికి వెళ్ళాలని అడిగేవారికి చెబుతున్నాను. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నది. మన వైపు నుంచి రాయచోటి మీదుగా వెళ్ళవచ్చు. బోధన జరిగే ఆస్పత్రులలో ఓపికగా చూస్తారు, ఖర్చు తక్కువ. సంతలలో, వీధులలో ఒక్కపూటలో పళ్ళు కట్టి ఇస్తామనేవారి వద్దకు వెళ్ళకండి. చట్టం ప్రకారం, నమోదైన వైద్యులే ఈ వృత్తి చేయాలి. అటువంటి వారు మిగిలిన సొంత పళ్ళకు ప్లాస్టిక్‌ను కదలకుండా అంటించివేస్తారు. తీయడానికి వీలులేని ఆ కట్టు కింద శుద్ధికి తావే లేదు. ఉన్న పళ్ళు కూడా పుచ్చిపోతాయి.

మనం నోటితో భగవన్నామం పలుకుతాము, అదే నోటితో ప్రసాదం స్వీకరిస్తాము. ఈ రాత్రి పడుకోబోయే ముందు సెట్టు తీసి, తోమి, నీటిలో ఉంచండి. ఆపైన అద్దం ముందు, వెలుతురులో, నోరు తెరచి అంగిలిని ఒకసారి చూసుకోండి. ఎర్రగా ఉన్నా, ఎక్కడైనా పుండు కనిపించినా, దాచకుండా ఇంట్లోవారికి చెప్పండి.